బరువు తగ్గే ఆపరేషన్ తరువాత రక్తం గడ్డకట్టకుండా వేసుకునే మాత్రలు: ఒడిశా సరిహద్దు తెలుగువారు తరచుగా అడిగే ప్రశ్నలు

పర్లాకిమిడి, గుణుపూర్, రాయగడ, కోరాపుట్, జయపురం, బరంపురం వైపు నుంచి చాలామంది బేరియాట్రిక్ (బరువు తగ్గే) ఆపరేషన్‌కి విశాఖపట్నం వెళ్తారు. రెండు మూడు రోజుల్లో డిశ్చార్జి చేసి, చేతికి ఒక మందుల సంచి ఇచ్చి పంపేస్తారు. అందులో గ్యాస్ మాత్ర, విటమిన్ మాత్రలతో పాటు రక్తం పలచబడే మాత్ర కూడా ఉంటుంది. అసలు జాగ్రత్త ఆ మాత్ర దగ్గరే కావాలి. డోసు, రోజులు మీ సర్జన్ రాసినవే ఖాయం. ఆ చీటీ ఎందుకలా రాశారో, ఇంటికొచ్చాక ఏం చేయాలో ఇక్కడ చదవండి.

ఆపరేషన్ పొట్టకి చేశారు. కాలిలో రక్తం ఎందుకు గడ్డకడుతుంది?

రక్తం కదలక నిలవడం, రక్తనాళం లోపలి పొర దెబ్బతినడం, రక్తానికి గడ్డకట్టే గుణం పెరగడం. ఈ మూడింట్లో ఏ ఒక్కటున్నా గడ్డకట్టే అవకాశం ఉంటుంది. ఈ ఆపరేషన్‌లో మూడూ ఒకేసారి వచ్చిపడతాయి. లాప్రోస్కోపీలో (చిన్న గాట్ల ద్వారా కెమెరాతో చేసే పద్ధతిలో) పొట్టను గ్యాస్‌తో ఉబ్బిస్తారు, తల వైపు ఎత్తి కాళ్లు దించి పడుకోబెడతారు. దాంతో కాళ్ల నుంచి పైకి రావలసిన రక్తం అక్కడే నెమ్మదిస్తుంది. ఒంట్లోని అధిక కొవ్వు గడ్డకట్టే పదార్థాలను ముందే పెంచి ఉంచుతుంది. ఇంటికొచ్చాక నీళ్లు గుక్కెడు గుక్కెడుగా తప్ప తాగలేరు, కాబట్టి ఒంట్లో నీరు తగ్గి రక్తం చిక్కబడుతుంది.

పిక్కలో ఏర్పడిన గడ్డ విడిపోయి ఊపిరితిత్తుల్లోకి వెళ్తే ప్రాణాపాయం. ఈ ఆపరేషన్ల తరువాత జరిగే మరణాలకు ముఖ్య కారణాల్లో అదొకటి.

ఆసుపత్రిలో ఏమీ కాలేదు. ఇక గండం గడిచినట్టేనా?

లేదు. గడ్డల్లో ఎక్కువ భాగం డిశ్చార్జి అయ్యాకే, మొదటి 30 రోజుల్లో బయటపడతాయి. ఆసుపత్రిలో నర్సు వేళకి ఇంజెక్షన్ చేస్తుంది, కాళ్లకు పంపు తొడుగుతారు, సాయంత్రానికల్లా లేపి నడిపిస్తారు. ఇంటికొస్తే చుట్టాలు పలకరించడానికి వచ్చి "పడుకో, లేవకు" అంటారు. ప్రేమతోనే అంటారు గానీ ఈ ఆపరేషన్‌కి ఆ సలహా పనికిరాదు.

ఈ ముప్పు ఎవరికి ఎక్కువ?

గతంలో కాలిలో గానీ ఊపిరితిత్తుల్లో గానీ గడ్డ వచ్చినవాళ్లకి, బీఎంఐ (ఎత్తుకి బరువు ఎంతో చెప్పే లెక్క) 50 దాటినవాళ్లకి, 60 ఏళ్లు పైబడినవాళ్లకి, గుండె బలహీనంగా ఉన్నవాళ్లకి, కూర్చున్నా ఆయాసం వచ్చేవాళ్లకి, ఆపరేషన్ 3 గంటలు దాటినవాళ్లకి, ఏదైనా తేడా వచ్చి మళ్లీ థియేటర్‌కి తీసుకెళ్లినవాళ్లకి. ఈస్ట్రోజెన్ ఉన్న గర్భనిరోధక మాత్రలు వాడేవాళ్లు కూడా ఈ లెక్కలోకే వస్తారు. వాటిని మామూలుగా ఆపరేషన్‌కి నెల ముందే ఆపిస్తారు.

మన ప్రాంతంలో ప్రత్యేకంగా చెప్పవలసింది సికిల్ సెల్, అంటే ఎర్ర రక్తకణాలు కొడవలిలా వంకరపోయే వంశపారంపర్య జబ్బు. కోరాపుట్, రాయగడ వైపు చాలా కుటుంబాల్లో ఇది ఉంది. జబ్బు బయటకి కనిపించకుండా లక్షణం మాత్రమే మోస్తున్నవాళ్లకి కూడా ఊపిరితిత్తుల్లో గడ్డ వచ్చే అవకాశం కొంత ఎక్కువ. ఇంట్లో ఎవరికైనా సికిల్ సెల్ ఉంటే సర్జన్ అడగలేదు కదా అని ఊరుకోకండి, ఆపరేషన్‌కి ముందే మీరే చెప్పండి.

కొందరికి పొట్టకి ఇంజెక్షన్ రాస్తారు, కొందరికి మాత్ర. ఏది మంచిది?

ఎక్కువ కాలంగా వాడుకలో ఉన్నది ఎనాక్సపారిన్ ఇంజెక్షన్. అది పొట్టలో అరగాల్సిన పని లేదు, కాబట్టి ఎంత మందు ఒంట్లోకి వెళ్లిందన్న అనుమానం రాదు. ముప్పు ఎక్కువున్నవాళ్లకి చాలామంది సర్జన్లు ఇప్పటికీ అదే రాస్తారు. చిక్కల్లా ఇంటి దగ్గరే. రోజుకి ఒకటో రెండో సూదులు, వారాల తరబడి. 25 డిగ్రీల లోపు ఉంచాల్సిన మందు, వేసవిలో రాయగడలో ఏ అలమరా ఆ వేడిని ఆపదు. దాంతో సగంలో మానేసేవాళ్లు ఎక్కువ. మానేసిన ఇంజెక్షన్ కంటే రోజూ వేసుకునే మాత్రే నయం.

ఇంజెక్షనే రాస్తే బొడ్డుకి 5 సెంటీమీటర్లు దూరంగా, ఆపరేషన్ గాట్లను తప్పించి, చర్మాన్ని మడతపట్టి చేయాలి. సిరంజిలో కనిపించే గాలి బుడగను బయటకి కొట్టకూడదు, కొడితే మందు కూడా పోతుంది. చేసిన చోట రుద్దితే నల్లగా కమిలిపోతుంది.

ఆ మాత్రలు ఏవి? ఎన్ని రోజులు?

మామూలుగా రెండే. రివరాక్సబాన్ 10 మి.గ్రా. అయితే రోజుకి ఒకటి. అపిక్సబాన్ 2.5 మి.గ్రా. అయితే 12 గంటల తేడాతో రోజుకి రెండు. గడ్డ రాకుండా ఆపే డోసులు ఇవి. ఇప్పటికే గడ్డ వచ్చినవాళ్ల డోసులు ఇంతకంటే పెద్దవి, ఆ వైద్యమే వేరు. ఈ ఆపరేషన్ అయిన కొత్తలో గడ్డ వస్తే మాత్రతో మొదలుపెట్టరు. కనీసం 4 వారాలు ఇంజెక్షన్ ఇచ్చి, తరువాతే మాత్రకి మార్చే ఆలోచన చేస్తారు.

తుంటి కీలు, మోకీలు మార్పిడి తరువాత గడ్డ రాకుండా ఈ మాత్రలు వాడటం ఎప్పటినుంచో ఉన్నదే. ఆ అనుభవంతోనే బేరియాట్రిక్ సర్జన్లు తమ రోగులకీ రాయడం మొదలుపెట్టారు. రోజుల విషయంలో ఆసుపత్రికో పద్ధతి ఉంది: కొందరు 7, కొందరు 14, ముప్పు ఎక్కువైతే 28 లేదా 30. స్విట్జర్లాండ్‌లోని బెర్న్ డాక్టర్లు రివరాక్సబాన్ 10 మి.గ్రా. ను కొందరికి 7 రోజులు, కొందరికి 28 రోజులు ఇచ్చి చూసి 2023లో ఫలితం ప్రచురించారు. దాదాపు 270 మందిలో ఒక్కరికే గడ్డ కనిపించింది, అదీ ఏ బాధా లేకుండా. అంత తక్కువ మందిని చూసి అందరికీ 7 రోజులు చాలనడం కుదరదు. పక్కింటాయనకి వారమే రాశారని మీరు వారానికే ఆపకండి, ఆయన ముప్పు వేరు, మీ ముప్పు వేరు.

ఇంజెక్షన్ నుంచి మాత్రకి మారేటప్పుడు తదుపరి ఇంజెక్షన్ వేళకి దాని బదులు మాత్ర వేసుకోవాలి. రెండూ కలిపి వద్దు.

పొట్ట చిన్నదైపోయింది కదా, మాత్ర ఒంటికి పడుతుందా?

అడగవలసిన ప్రశ్నే. రివరాక్సబాన్ ఎక్కువగా జీర్ణకోశంలో పొట్ట, చిన్నపేగు పైభాగం దగ్గర ఇంకుతుంది. మాత్ర ఆ భాగాన్ని దాటి కిందికి పోయిన కొద్దీ ఒంటికి అందే మందు తగ్గుతుంది. ఈ ఆపరేషన్ రకాల్లో స్లీవ్ అనేదాంట్లో పొట్ట గొట్టంలా సన్నబడుతుంది గానీ దారి మారదు. బైపాస్‌లో (గుండెది కాదు, పొట్ట బైపాస్) దారే మారుతుంది, చిన్నపేగు మొదటి భాగం పక్కకి పోతుంది. అయినా 10 మి.గ్రా. చిన్న డోసు విషయంలో ఆపరేషన్‌కి ముందు, తరువాత రక్తంలో మందు కొలిచి చూస్తే పెద్ద తేడా కనబడలేదు. ఈ డోసుని తిండితో పాటు వేసుకోవాలన్న నియమం కూడా లేదు. 15, 20 మి.గ్రా. మాత్రలు మాత్రం తిన్నాకే వేసుకోవాలి, లేకపోతే సరిగా ఇంకవు. కొత్తగా ఆపరేషన్ అయినవాళ్లు కడుపునిండా తినలేరు కాబట్టి ఆ పెద్ద డోసులు వీళ్లకి కుదరకపోవడానికి ఇదీ ఒక కారణం.

డబిగాట్రాన్ అనే క్యాప్సూల్ సంగతి వేరు. అది ఇంకాలంటే పొట్టలో పులుపు కావాలి. ఈ ఆపరేషన్ తరువాత ఆ పులుపు తగ్గుతుంది, పైగా గ్యాస్ మాత్ర కూడా నడుస్తుంటుంది. పాత అలవాటుగా ఇంట్లో ఆ క్యాప్సూల్ ఉంటే సర్జన్‌ని అడగనిదే వేసుకోకండి.

మాత్ర గొంతులో అడ్డంపడినట్టు ఉంటుంది. పొడి చేసుకోవచ్చా?

రివరాక్సబాన్, అపిక్సబాన్ రెండూ పొడి చేసుకోవచ్చు. రెండు స్టీలు చెంచాల మధ్య మాత్రను నలిపి, రెండు మూడు చెంచాల నీళ్లలో కలిపి వెంటనే తాగేయండి. పొడి గ్లాసు గోడకి అంటుకుపోతుంది, అందులోనే మళ్లీ కొంచెం నీళ్లు పోసి, తిప్పి, అవీ తాగాలి. ఆ రెండో గుక్క మరిచిపోతే డోసులో కొంత గ్లాసులోనే ఉండిపోతుంది. డబిగాట్రాన్ క్యాప్సూల్‌ని మాత్రం విప్పకూడదు, విప్పి లోపలి గింజలు మింగితే ఒంట్లోకి వెళ్లే మందు బాగా పెరిగి రక్తస్రావం అవుతుంది.

ఒక పూట మరిచిపోయాను.

అదే రోజు గుర్తొస్తే వెంటనే వేసుకోండి. మర్నాడు గుర్తొస్తే మర్నాటి మాత్ర ఒక్కటే. రెండు కలిపి మింగకూడదు. మాత్ర మింగగానే వాంతి అయితే మీ అంతట మీరే రెండోది వేసుకోకుండా ఫోన్ చేసి అడగండి. రోజంతా వాంతులవుతూ నీళ్లు కూడా నిలవకపోతే ఇంట్లో కూర్చోకండి. మందు అందదు, ఒళ్లు కూడా ఎండిపోతుంది. అప్పుడు సెలైన్, కొన్నాళ్లు మళ్లీ ఇంజెక్షన్ అవసరమవుతాయి.

మా ఊళ్లో మందుల షాపులో 10 లేదు, 20 ఉంది. సగం చేసుకోమంటున్నాడు.

వద్దు. ఆ మాత్ర మీద సగానికి గీత ఉండదు, చేత్తో విరిస్తే ఒక ముక్క పెద్దదీ ఒకటి చిన్నదీ అవుతాయి. షాపుల్లో ఇంకో పొరపాటు కూడా జరుగుతుంది: రివరాక్సబాన్‌లో 2.5 మి.గ్రా. మాత్ర కూడా ఉంది, అది గుండె జబ్బువాళ్లకి వేరే లెక్కలో ఇస్తారు. అపిక్సబాన్ 2.5 అడిగితే రివరాక్సబాన్ 2.5 చేతిలో పెట్టే ప్రమాదం ఉంది. అట్టమీద పేరూ, అంకె రెండూ చూసుకోండి. డిశ్చార్జి రోజే విశాఖలో మొత్తం రోజులకి సరిపడా కొనుక్కుని బయలుదేరండి. కంపెనీ పేరు మారినా ఫర్వాలేదు, లోపలి మందు పేరూ మి.గ్రా. మారకూడదు.

నాకు గుండె వాల్వు మార్చారు, అసిట్రోమ్ అనే పాత రకం పలచబడే మాత్ర వాడుతున్నాను. దాని బదులు ఈ కొత్త మాత్ర వేసుకోవచ్చా?

లోహపు వాల్వు ఉంటే వేసుకోకూడదు. అక్కడ ఈ కొత్త మాత్రలు పనిచేయవు, వాల్వు మీదే గడ్డకడుతుంది. వార్ఫరిన్ గానీ అసిట్రోమ్ గానీ కొనసాగాల్సిందే. కానీ ఆపరేషన్ తరువాత మొదటి వారాల్లో తిండి బాగా తగ్గుతుంది, ఆకుకూరల ద్వారా వచ్చే విటమిన్ కె తగ్గుతుంది. దాంతో పాత డోసే ఎక్కువైపోయి ఐఎన్‌ఆర్ (రక్తం ఎంత పలచబడిందో చెప్పే అంకె) పెరిగిపోతుంది. మొదటి నెల కనీసం వారానికోసారి ఐఎన్‌ఆర్ చూపించుకుని డోసు మార్పించుకోవాలి. తిండి పెరిగిన కొద్దీ డోసు మళ్లీ పెంచవలసి వస్తుంది.

రివరాక్సబాన్, అపిక్సబాన్‌కి ఐఎన్‌ఆర్ పరీక్ష అక్కర్లేదు. గోంగూర, తోటకూర తినకూడదన్న నియమం కూడా వీటికి లేదు. అది వార్ఫరిన్‌వాళ్ల నియమం, విన్నవాళ్లు అందరికీ అంటగడుతున్నారు.

నడుం నొప్పిగా ఉంది. ఆర్‌ఎంపీ దగ్గర ఒక సూది వేయించుకోనా?

పిరుదుకి గానీ జబ్బకి గానీ లోతుగా వేసే సూది వద్దు. రక్తం పలచగా ఉన్నప్పుడు కండలోపల రక్తం పేరుకుని పెద్ద గడ్డలా వాచిపోతుంది. పైగా ఆ సూదిలో ఉండేది చాలాసార్లు డైక్లోఫెనాక్. డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్, అసిక్లోఫెనాక్ జాతి మందులు కొత్త కుట్ల దగ్గర పుండు చేస్తాయి, ఈ మాత్రతో కలిస్తే ఆ పుండే రక్తం కారుతుంది. వోవెరాన్, కాంబిఫ్లామ్, జీరోడాల్ అన్నీ ఆ జాతివే. నొప్పికి పారాసెటమాల్ చాలు. బైపాస్ అయినవాళ్లు మాత్రల కోర్సు అయిపోయాక కూడా ఆ నొప్పి మందుల జోలికి పోకూడదు.

జ్వరం వచ్చింది. మాత్ర కొనసాగించాలా?

మొదటి వారాల్లో జ్వరమంటే ముందు కుట్ల దగ్గర లీకేమో చూడాలి, సర్జన్‌కి ఫోన్ చేయండి. రెండోది, కోరాపుట్, రాయగడ కొండల్లో మలేరియా, వానాకాలంలో డెంగ్యూ. రెండింట్లోనూ ప్లేట్‌లెట్లు పడిపోతాయి. అప్పుడు పలచబడే మాత్ర రక్తస్రావానికి దారితీస్తుంది. కాబట్టి జ్వరం వస్తే అదే రోజు ప్లేట్‌లెట్ల పరీక్ష చేయించి, అంకెను సర్జన్‌కి చెప్పి, మాత్ర ఆపాలా వద్దా ఆయననే తేల్చమనండి.

టీబీ మందులు వాడుతున్నవాళ్లకి ఇంకో చిక్కు. రిఫాంపిసిన్ ఈ మాత్రలను ఒంట్లో త్వరగా కరిగించేస్తుంది, వేసుకున్నా వేసుకోనట్టే. మూర్ఛకి వాడే ఫెనిటాయిన్, కార్బమజెపైన్ కూడా అంతే. తామరకి రాసే ఇట్రాకొనజోల్ మాత్రలు దీనికి ఎదురు, మందును ఒంట్లో పేరుకునేలా చేస్తాయి. వీటిలో ఏది నడుస్తున్నా మాత్ర బదులు ఇంజెక్షనే మేలు.

ఒక కాలు వాచింది. బోదకాలేమో అంటున్నారు.

గంజాం, శ్రీకాకుళం తీరంలో కాలు వాచిందనగానే అందరికీ మొదట తోచేది బోదకాలే. కానీ బోదకాలు నెలల మీద, ఏళ్ల మీద పెరుగుతుంది. పాదం నుంచి మొదలై, మధ్యమధ్య జ్వరం, గజ్జల్లో బిళ్లలతో వస్తుంది. గడ్డ అయితే ఒకటి రెండు రోజుల్లో పిక్క బిగుసుకుని, వేడిగా, నొక్కితే నొప్పిగా ఉంటుంది.

దర్జీ టేపు తీసుకోండి. మోకాలి చిప్ప కింద ఎముక మీద చేతికి తగిలే బొడిపె నుంచి 10 సెంటీమీటర్లు కిందికి కొలిచి గుర్తుపెట్టండి, అక్కడ రెండు పిక్కల చుట్టుకొలత చూడండి. తేడా 3 సెంటీమీటర్లు దాటితే అదే రోజు డాప్లర్ (రక్తనాళాల్లో రక్తం పారే తీరు చూసే) స్కానింగ్ చేయించాలి. తేడా తక్కువున్నా నొప్పి, వేడి ఉంటే స్కానింగే. డీ-డైమర్ అనే రక్తపరీక్ష రాస్తే దానిమీద ఆధారపడకండి, ఆపరేషన్ అయినవాళ్లకి అది ఎలాగూ ఎక్కువే చూపిస్తుంది.

ఆ కాలికి నూనె రాసి మర్దనా చేయించకండి. గడ్డ అక్కడినుంచి కదిలితే పోయేది ఊపిరితిత్తుల్లోకే.

ఛాతీలో పట్టేసినట్టుంది. గ్యాసేనా?

లాప్రోస్కోపీ గ్యాస్ నొప్పి భుజం దగ్గర ఉంటుంది, రెండు మూడు రోజుల్లో తగ్గుతుంది. ఇంటికొచ్చాక ఉన్నట్టుండి ఆయాసం, ఊపిరి లోపలికి తీసుకుంటే పొడిచినట్టు నొప్పి, దగ్గితే రక్తపు చార, కళ్లు తిరిగి పడిపోవడం, ఊరికే కూర్చున్నా నాడి నిమిషానికి 100 దాటి కొట్టుకోవడం, వీటిలో ఏది కనిపించినా 108కి ఫోన్ చేయండి. సోడా, వాము నీళ్లు తాగి చూద్దామని ఆగకండి. విశాఖకే వెళ్లాలని నాలుగైదు గంటలు ప్రయాణం పెట్టుకోవద్దు. బరంపురం ఎంకేసీజీ ఆసుపత్రి, కోరాపుట్‌లోని షహీద్ లక్ష్మణ్ నాయక్ మెడికల్ కాలేజీ, ఏది దగ్గరైతే అక్కడికి ముందు చేరి, అక్కడి నుంచి సర్జన్‌తో మాట్లాడించండి.

కాలు బాగానే ఉంది, రెండు వారాలకి కడుపునొప్పి మొదలైంది. దీనికీ గడ్డకీ సంబంధం ఉందా?

ఉండొచ్చు. స్లీవ్ తరువాత పేగుల నుంచి కాలేయానికి రక్తం మోసే సిరలో గడ్డకట్టడం అరుదుగా జరుగుతుంది. కడుపంతా నొప్పి, వికారం, నీళ్లు కూడా తాగబుద్ధి కాకపోవడం దీని తీరు. నీళ్లు సరిగా తాగనివాళ్లలో ఎక్కువ. మామూలు అల్ట్రాసౌండ్‌లో దొరక్కపోవచ్చు, రంగు మందు ఎక్కించి తీసే సీటీ స్కాన్‌లో తెలుస్తుంది. డాక్టర్‌తో "స్లీవ్ అయింది" అన్న మాట మొదటే చెప్పండి.

మలం నల్లగా వస్తోంది. రక్తమా?

ఐరన్ మాత్ర వేసుకుంటున్నవాళ్లకి మలం నల్లబడుతుంది. అది ముదురు పచ్చ కలిసిన నలుపు, గట్టిగానే ఉంటుంది, వాసన మామూలే. రక్తమైతే రోడ్డు మీద పోసే తారులా జిగటగా, మెరుస్తూ, ముక్కు మూసుకునేంత కంపుతో ఉంటుంది. నీళ్లు పోసినా ఒక పట్టాన పోదు. అలాంటి మలం వచ్చినా, లేచి నిలబడితే కళ్లు చీకట్లు కమ్మడం, గుండె దడ ఉన్నా మాత్ర ఆపి ఆసుపత్రికి వెళ్లండి. చిగుళ్ల నుంచి కాస్త రక్తం, గోకిన చోట కమలడం మామూలే, వాటికి భయపడి మాత్ర మానకండి. వేప పుల్ల బదులు ఆ నెల మెత్తటి బ్రష్ వాడండి. ఆడవాళ్లకి నెలసరి ఎక్కువగా అవుతుంది, రివరాక్సబాన్‌తో ఇంకాస్త ఎక్కువ. గంటకో ప్యాడ్ తడిసిపోతుంటే ఫోన్ చేయండి.

విశాఖ నుంచి ఇంటికి ఎలా వెళ్లాలి?

సాలూరు దాటి సుంకి ఘాట్ ఎక్కే రోడ్డయినా, రాయగడ రైలయినా ఫర్వాలేదు, కూర్చునే తీరే ముఖ్యం. కారైతే గంటకోసారి ఆపి అయిదు నిమిషాలు నడవండి. రైలైతే పెట్టె మధ్య దారిలో అటూ ఇటూ తిరగండి. కూర్చున్నప్పుడు మడమ నేలకానించి పాదం పైకీ కిందికీ ఆడించండి, పిక్క కండ పంపులా పనిచేసి రక్తాన్ని పైకి తోస్తుంది. వెనక సీట్లో కాళ్లు ముడుచుకుని నిద్రపోవద్దు.

రోజూ ఎంత నీళ్లు, ఎంత నడక?

రోజు మొత్తానికి లీటరున్నర, అదీ 30 మిల్లీలీటర్ల చొప్పున పది పదిహేను నిమిషాలకోసారి. దగ్గు మందు సీసా మూత కప్పు కొలతకి బాగా పనికొస్తుంది. వడకట్టిన పలచటి చోడి అంబలి, మజ్జిగ తేట డైటీషియన్ ఒప్పుకున్న రోజు నుంచి ఈ లెక్కలో కలపొచ్చు. మూత్రం ముదురు పసుపైతే చాలట్లేదని. మెలకువగా ఉన్నంతసేపూ గంటకోసారి అయిదు పది నిమిషాల నడక. మాత్ర వేసుకుంటున్నాం కదా అని నడక మానకండి.

గుడాకు, జీలుగు కల్లు?

గుడాకు పొగాకే. కుట్ల దగ్గర పుండుకి అదొక కారణం, చిగుళ్ల రక్తస్రావం అదనం. మాత్రలు నడిచినంత కాలం కల్లు, సారా రెండూ వద్దు. బైపాస్ తరువాత కల్లు, సారా మత్తు త్వరగా ఎక్కుతుంది, తూలి పడితే లోపల రక్తం ఆగదు.

గర్భం, పాలిచ్చే తల్లులు?

ఈ మాత్రలు వాడకూడదు, ఇంజెక్షనే. ఆపరేషన్ తరువాత 12 నుంచి 18 నెలలు గర్భం రాకుండా చూసుకోమని ఎలాగూ చెబుతారు.

స్థానిక డాక్టర్‌కి ఏం చూపించాలి?

ఒక చిన్న కాగితం మీద ఒడియాలోనూ ఇంగ్లీషులోనూ రాయించి జేబులో పెట్టుకోండి: ఏ ఆపరేషన్, ఏ తేదీన, మాత్ర పేరు, మి.గ్రా., మొదలైన తేదీ, ఆపాల్సిన తేదీ, సర్జన్ ఫోన్ నంబరు. తెలుగులో మాత్రమే రాస్తే ప్రమాద సమయంలో ఎదుటి డాక్టర్‌కి పనికిరాదు. పన్ను పీకించుకోవాలన్నా ఈ కాగితమే ముందు చూపించాలి.

ఆపాల్సిన తేదీ వచ్చింది. మెల్లగా తగ్గించాలా?

అక్కర్లేదు. ఆఖరి మాత్ర వేసుకుని ఆపేయడమే. ఒకటి రెండు రోజుల్లో మందు ఒంట్లోంచి పోతుంది. మిగిలిన మాత్రలు ఇంట్లో కాలునొప్పి అన్నవాళ్లకి ఇవ్వకండి. కాలు వాపు, ఆయాసం కనిపెట్టి చూడటం మాత్రం ఇంకో రెండు నెలలు కొనసాగించండి.